సంధ్య నేర్పిన శాంతి: మనోనిర్మలత కోసం మన పూర్వులు ఏర్పరచుకొన్న నిత్యాభ్యాసాల చరిత్ర





గత కార్తికమాసంలో ఒకనాడు ప్రదోషకాలాభిషేకం ముగిసింది. తీర్థప్రసాదవినియోగం అయిన పిమ్మట గర్భాలయద్వారం మూయబోతుండగా, ముప్పయ్యేండ్ల యువకుడొకడు మండపస్తంభానికి ఆనుకొని నిలబడి ఉండడం గమనించాను. మా ఊరివాడే. హైదరాబాదులో ఉద్యోగం. సెలవుకు వచ్చాడు. "పంతులుగారూ! మూడు నెలలుగా నిద్ర పట్టడం లేదండి. ఊరికే గుండె దడదడలాడుతోంది. డాక్టరుగారు పరీక్షలన్నీ చేసి గుండెకు ఏ దోషమూ లేదు, ఇది స్ట్రెస్ అన్నారు. మనసు నెమ్మదించడానికి ఏదైనా మంత్రం చెప్పండి" అన్నాడు.

"సంధ్య వార్చుకుంటున్నావా నాయనా?" అని అడిగాను. "ఒడుగైన కొత్తలో చేశానండి. ఇప్పుడు తీరిక ఎక్కడిది?" అన్నాడు. "మళ్ళీ మొదలుపెట్టు. అన్నీ అవే సర్దుకుంటాయి" అని విభూతి ఇచ్చి పంపించాను.

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. అది ఆ ఒక్క రాత్రి సంగతీ కాదు. మా తండ్రిగారు శివసాయుజ్యం పొందిన నాటి నుండి, అమ్మాయి వివాహానికి చేసిన అప్పు తీరని నాటి నుండి, రెండవ జాము దాటినా కన్ను మూతపడని రాత్రులు నాకు అనేకం. ఆ కుర్రవానికి చేసిన ఉపదేశం గుర్తుకు వచ్చి సిగ్గుపడ్డాను. ఆ సాయంకాలం నేను వార్చిన సంధ్య ఏపాటిది? అభిషేకానికి వేళ మించిపోతోందని, ప్రాణాయామమంత్రాన్ని ఊపిరి నిలపకుండానే పెదవులపై దొర్లించి, వ్రేళ్ళతో నాసికను తాకి వదిలివేశాను. నలభై సంవత్సరాలుగా ప్రతిదినం చేస్తున్న కర్మ నాకే శాంతిని ఇవ్వనప్పుడు, దానిని మరొకరికి ఔషధంగా ఎలా ఇచ్చాను? అసలు సంధ్య శాంతి కోసం ఏర్పడిందా? లేక చేయకపోతే ప్రత్యవాయం వస్తుందని భయపడి చేసే నిత్యకర్మ మాత్రమేనా?

ఈ ప్రశ్నకు సమాధానం కోసం, పాఠశాలలో వల్లించిన గ్రంథాలనే మళ్ళీ విప్పి చూశాను. అప్పుడు అవగతమైన క్రమాన్ని మీ ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేరు కొత్తది, బాధ పాతది

స్ట్రెస్ అనే మాట ఒకప్పుడు లోహాలమీద, కట్టడాలమీద పడే బలాన్ని గూర్చి శాస్త్రజ్ఞులు వాడుకొన్న పదం. 1936లో హాన్స్ సెల్యే అనే వైద్యశాస్త్రజ్ఞుడు, దేహానికి ఎటువంటి ఆఘాతం తగిలినా అది ఒకే తీరున ప్రతిస్పందిస్తుందని ప్రకటించాడు. ఆ తరువాతి దశాబ్దాలలో ఆ మాట వైద్యంలోనూ, అక్కడి నుండి ఇంటింటి సంభాషణలోనూ స్థిరపడింది. మనం దానికి ఒత్తిడి అని పేరు పెట్టుకొన్నాం.

పేరు నిన్నటిదే అయినా అనుభవం సనాతనం. కురుక్షేత్రంలో అర్జునుని స్థితిని వ్యాసమహర్షి వర్ణించిన తీరు స్మరించండి. అవయవాలు పట్టు తప్పాయి, నోరు ఎండిపోయింది, శరీరం వణికింది, రోమాలు నిక్కబొడుచుకొన్నాయి, చర్మం మండినట్లయింది, గాండీవం చేతి నుండి జారింది, మనస్సు గిర్రున తిరిగింది. ఇవి పిరికివాని లక్షణాలు కావు. ముల్లోకాలలో పేరుపొందిన ధనుర్ధరునికి కలిగిన శరీరవికారాలు. మహావీరునికి వచ్చినది మనకు వస్తే సిగ్గుపడవలసిన పని లేదు. గీతాశాస్త్రం అంతా ఈ లక్షణాలు కనిపించిన మనిషితో మాట్లాడడంతోనే ప్రారంభమయింది.

పతంజలి మహర్షి దీనిని శాస్త్రరీతిలో నిరూపించాడు. యోగసాధకునికి ఎదురయ్యే అంతరాయాలు తొమ్మిది అని చెప్పి, వాటిని వెన్నంటి వచ్చేవి నాలుగని పేర్కొన్నాడు: దుఃఖం, దౌర్మనస్యం, అంగమేజయత్వం, శ్వాసప్రశ్వాసలు. అనగా బాధ, కోరిక భంగమైనందువల్ల కలిగే మనఃక్షోభ, అవయవకంపం, అదుపు తప్పిన ఊపిరి. మండపస్తంభానికి ఆనుకొని ఆ యువకుడు చెప్పినవి ఈ నాలుగే. మనస్సులోని కలత దేహకంపంగా, శ్వాసవికారంగా వ్యక్తమవుతుందని ఆ మహర్షికి సుస్పష్టంగా తెలుసు. మనస్సును పట్టుకోలేనివాడు శ్వాసను పట్టుకోవచ్చునన్న ఉపాయం పుట్టినది ఈ ఎరుక నుండే.

శ్రుతిలో ప్రాణవ్రతం

ఆ ఎరుకకు మూలం ఉపనిషత్తులలో ఉంది. ఛాందోగ్యంలో ఉద్దాలకమహర్షి తన కుమారుడైన శ్వేతకేతువుకు ఒక దృష్టాంతం చెప్పాడు. దారంతో కట్టబడిన పక్షి దిక్కుదిక్కుకూ ఎగిరి, ఎక్కడా నిలువ నీడ దొరకక, చివరకు తనను కట్టిన చోటికే వచ్చి వాలుతుంది. అలాగే మనస్సు కూడా దిక్కులన్నీ తిరిగి ప్రాణాన్నే ఆశ్రయిస్తుంది. మనస్సుకు బంధనస్థానం ప్రాణమే అని ఆ మహర్షి నిర్ణయం. నిద్రరాని రాత్రి ఆలోచనలతో పోట్లాడి అలసినవారికి ఈ దృష్టాంతంలోని కరుణ తెలుస్తుంది. పక్షిని తరిమి పట్టుకోనవసరం లేదు. కొమ్మ కదలకుండా ఉంటే చాలు, అదే వచ్చి వాలుతుంది.

బృహదారణ్యకంలో మరొక కథ ఉంది. దేవాసురుల స్పర్ధలో వాక్కు, ఘ్రాణం, చక్షుస్సు, శ్రోత్రం, మనస్సు ఒక్కొక్కటీ ఉద్గానం చేయబోయి పాపవిద్ధమయ్యాయి. ముఖ్యప్రాణం మీదికి వచ్చిన అసురులు మాత్రం రాతిమీద పడిన మట్టిగడ్డవలె చెదిరిపోయారు. ప్రాణం తనకంటూ ఏమీ కోరుకోలేదు కనుకనే దానికి పాపం అంటలేదని ఆచార్యుల వివరణ. ఆ ఉపనిషత్తే మరొక సందర్భంలో, మనిషి పట్టవలసిన వ్రతం ఒక్కటే అని చెప్పింది: ఊపిరి లోనికి తీయడం, వెలుపలికి విడవడం. ఈ వ్రతానికి సంభారాలు అక్కరలేదు. ఖర్చు లేదు.

శ్వేతాశ్వతరోపనిషత్తు నాటికి ఇది ఒక క్రమమైన అభ్యాసంగా రూపుదిద్దుకొంది. వక్షం, కంఠం, శిరస్సు మూడింటినీ సమంగా నిలిపి కూర్చోవాలని, శ్వాసను మెల్లగా విడవాలని అది విధించింది. కూర్చునే చోటు చదునుగా, శుచిగా ఉండాలి. గులకరాళ్ళు, నిప్పు, ఇసుక ఉండరాదు. గాలి హోరు తగలరాదు. మనసుకు అనుకూలంగా, కంటికి ఇంపుగా ఉండాలి. వేలాది సంవత్సరాల క్రితమే పరిసరాలకూ మనఃస్థితికీ గల సంబంధాన్ని ఇంత సూక్ష్మంగా గుర్తించడం గమనార్హం.

ఇక్కడ ఒక సత్యం నిష్పక్షపాతంగా చెప్పుకోవాలి. శ్వాసమీద ఎరుక నిలపడం వైదికుల సొత్తు మాత్రమే కాదు. ఆనాపానసతి అనే పేరుతో బుద్ధ భగవానుడు దానిని ప్రధానసాధనగా బోధించాడు. మన కృష్ణాతీరంలోనే అమరావతిలో, నాగార్జునకొండలో శతాబ్దాల పాటు బౌద్ధభిక్షువులు నివసించారు. సిద్ధాంతంలో మనకూ వారికీ భేదం ఉండవచ్చు. ఊపిరిని ఆశ్రయించడంలో మాత్రం లేదు.

సంధ్య అనే దినచర్యాశిల్పం

అరణ్యంలోని ఋషి చేసిన అభ్యాసాన్ని గృహస్థుని వాకిటికి తెచ్చినవి గృహ్యధర్మసూత్రాలు. బోధాయన, వసిష్ఠాది ధర్మసూత్రాలు ప్రాణాయామానికి ఒక కొలత చెప్పాయి. వ్యాహృతులతో, శిరస్సుతో కూడిన గాయత్రిని ఊపిరి నిలిపి మూడుమార్లు జపిస్తే అది ఒక ప్రాణాయామం. గడియారం లేని కాలంలో మంత్రమే కాలమానం. అక్షరాలను తొందరగా మింగివేస్తే కొలత తప్పిందని అర్థం. నా దోషం ఎక్కడ ఉందో ఈ చోట నాకు తెలిసింది. ముక్కు పట్టుకొన్నాను గాని కొలతను పాటించలేదు.

మనుస్మృతి ఈ అభ్యాసానికి కంసాలి కొలిమిని పోలికగా చెప్పింది. తిత్తితో ఊదగా ఊదగా లోహాలలోని మాలిన్యం ఎలా దగ్ధమవుతుందో, ప్రాణనిగ్రహంచేత ఇంద్రియదోషాలు అలా దగ్ధమవుతాయి. కొలిమివద్ద కూర్చున్నవారికి తెలుసు, ఒక్కసారి గట్టిగా ఊదితే లోహం కరగదు. ఎడతెగకుండా ఊదాలి.

సంధ్యావందనంలోని అంగాలను ఒక్కొక్కటిగా పరిశీలించండి. మొదట ఆచమనం, మార్జనం. చల్లని నీరు పెదవులను, కన్నులను, శిరస్సును తాకుతుంది. తరువాత ప్రాణాయామం. పిమ్మట మంత్రాచమనం. మా తైత్తిరీయశాఖవారికి ఈ మంత్రాలు ఆరణ్యకంలోని దశమప్రశ్నంలో ఉన్నాయి. వాటి భావం ఇది: రాత్రి నేను మనసుతో, మాటతో, చేతులతో, పాదాలతో, ఉదరంతో, ఉపస్థతో ఏ పాపం చేసి ఉంటానో, క్రోధవశాన ఏ తప్పు చేసి ఉంటానో, దాని నుండి నన్ను రక్షించండి అని ప్రాతఃకాలంలో సూర్యుని, మన్యుదేవతను వేడుకోవడం. సాయంకాలం సూర్యుని స్థానంలో అగ్నిదేవుడు, రాత్రి స్థానంలో పగలు. అనగా, పగటి బరువు రాత్రికి, రాత్రి బరువు పగటికి మోయకుండా ఏ పూటకు ఆ పూట దింపివేసే ఏర్పాటు. క్రోధాన్ని పేరు పెట్టి పిలిచి, చేసిన తప్పును అవయవాల వారీగా ఒప్పుకొని, నీటితో కలిపి లోనికి పుచ్చుకొని, జ్యోతిస్సులో హోమం చేయడం ఈ మంత్రతాత్పర్యం. దీనిని పెదవులతో దొర్లించేవాడు ఎంత కోల్పోతున్నాడో నేను స్వానుభవంతో చెప్పగలను.

ఆ తరువాత అర్ఘ్యప్రదానం, సూర్యదర్శనం, గాయత్రీజపం. ఋగ్వేద తృతీయమండలంలో అరువది రెండవ సూక్తంలోని విశ్వామిత్రదర్శనమైన ఆ మంత్రం సంపదను అడగలేదు, ఆయుస్సును అడగలేదు. బుద్ధికి ప్రేరణ అడిగింది. కలతచెందినవానికి అన్నిటికంటే ముందు కావలసినది అదే కదా.

ఈ క్రియాకలాపానికి ఎంచుకొన్న సమయం కూడా యాదృచ్ఛికం కాదు. రాత్రీ పగలూ కలిసే చోటు, పగలూ రాత్రీ కలిసే చోటు దినానికి కీళ్ళవంటివి. శరీరంలో నొప్పి పుట్టేది సాధారణంగా కీళ్ళలోనే. మనోవేదన కూడా అంతే. పని మొదలుపెట్టే ముందు భయం, పని ముగించిన తరువాత పశ్చాత్తాపం మనిషిని పట్టుకొంటాయి. ఆ రెండు సంధులలోనూ ఒక ఆసనం వేసి కూర్చోబెట్టారు మన పెద్దలు.

వైద్యులు చెప్పిన దినచర్య

ధర్మశాస్త్రం ఇలా సాగుతుండగా ఆయుర్వేదం మరొక దారిన అదే గమ్యానికి చేరింది. చరకసంహిత సూత్రస్థానంలోని సప్తమాధ్యాయం వేగాలను రెండు విధాలుగా విభజించింది. ఆపకూడని వేగాలు పదమూడు. మలమూత్రాలు, తుమ్ము, ఆవులింత, ఆకలి, దప్పికలతో బాటు కన్నీరు, నిద్ర, శ్రమవల్ల వచ్చే నిట్టూర్పు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఆపవలసినవి వేరు. లోభం, శోకం, భయం, క్రోధం, అహంకారం, ఈర్ష్య మొదలైన మనోవేగాలు ఆ కోవలోనివి. మనం నేడు సరిగ్గా దీనికి విపరీతంగా చేస్తున్నాం. కన్నీటినీ నిద్రనూ ఆపుకొంటున్నాం. క్రోధాన్నీ ఈర్ష్యనూ చేతిలోని ఫోనుద్వారా విడిచిపెడుతున్నాం. మా తండ్రిగారి పోకడనాడు నేను కన్నీరు విడవలేదు. అపరక్రియలన్నీ నిర్వికారంగా చేశానని బంధువులు మెచ్చుకొన్నారు. చరకమహర్షి అయితే మెచ్చుకొని ఉండేవాడు కాదు.

ఆ సంహితయే దేహానికి మూడు ఉపస్తంభాలు చెప్పింది: ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం. సుఖదుఃఖాలు, పుష్టికార్శ్యాలు, బలాబలాలు నిద్రను ఆశ్రయించి ఉన్నాయని మరొక అధ్యాయంలో విశదీకరించింది. గీతాచార్యుడు ఆరవ అధ్యాయంలో ఆహారం, విహారం, కర్మ, నిద్ర, జాగరణ మితంగా ఉన్నవానికే యోగం దుఃఖనాశకమవుతుందని చెప్పడం ఇదే మాట. అతినిద్ర ఎంత దోషమో, బొత్తిగా నిద్రలేమి కూడా అంతే దోషమని పరమాత్మ వచనం.

వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయాన్ని ఒక అపూర్వవైద్యునికి నమస్కరిస్తూ ప్రారంభించాడు. రాగాదులనే రోగాలను సమూలంగా పోగొట్టేవాడట ఆ వైద్యుడు. మోహం, అరతి, ఔత్సుక్యం కూడా రోగాలే అన్న దృష్టితోనే ఆ వైద్యగ్రంథం మొదలయింది. రెండవ అధ్యాయం దినచర్య. సూర్యోదయానికి సుమారు 96 నిమిషాల ముందు ప్రారంభమయ్యే బ్రాహ్మీముహూర్తంలో లేవాలి. ప్రతినిత్యం తైలాభ్యంగనం చేసుకోవాలి, విశేషించి శిరస్సుకు, చెవులకు, అరికాళ్ళకు. అది శ్రమను పోగొట్టి సునిద్రను ఇస్తుంది. వ్యాయామం తన శక్తిలో సగానికే చేయాలి. ఆ అధ్యాయం చివరలో ఒక ఉపదేశం ఉంది. నా పగళ్ళూ రాత్రులూ ఏ విధంగా గడుస్తున్నాయి అని ప్రతిదినం తనను తాను ప్రశ్నించుకొనేవాడు దుఃఖభాగి కాడు. మంత్రాచమనంలో వైదికుడు చేసే పనినే వైద్యుడు ఇక్కడ లౌకికభాషలో చెప్పాడు.

దుఃఖితుడైన రాజుకు దొరికిన నామం

ఇంతవరకు చెప్పిన సంధ్య ఉపనయనం అయినవారికే విహితమైనది. ఈ విషయం దాచనవసరం లేదు. మరి స్త్రీలకు, తక్కిన జనులకు శాంతిసాధనం ఏది? ఆ ప్రశ్నకు సమాధానం మహాభారతంలో లభిస్తుంది.

యుద్ధం ముగిసింది. గెలిచిన ధర్మరాజు గెలుపును భరించలేకపోయాడు. సోదరులను, గురువులను చంపి పొందిన రాజ్యం వద్దన్నాడు. శాంతి, ఆనుశాసనిక పర్వాలు రెండూ అతని శోకానికి చేసిన దీర్ఘచికిత్స. ఎన్నో ధర్మాలు విన్న తరువాత కూడా అతడు అంపశయ్యపై ఉన్న భీష్మునికి ఆరు ప్రశ్నలు వేశాడు. అందులో చివరిది, దేనిని జపిస్తే ప్రాణి జన్మసంసారబంధం నుండి విడివడుతుంది అన్నది. దానికి ప్రత్యుత్తరమే విష్ణుసహస్రనామం. నేడు తెలుగునాట లక్షలాది గృహాలలో వినిపించే ఆ స్తోత్రం, నిద్రలేని ఒక రాజు ప్రశ్నకు, బాణాలపై పడుకొన్న ఒక వృద్ధుని సమాధానం. చెప్పినవాడూ బాధలోనే ఉన్నాడు, విన్నవాడూ బాధలోనే ఉన్నాడు. పదమూడవ శతాబ్దంలో తిక్కనసోమయాజి విరాటపర్వం మొదలు పదునైదు పర్వాలను తెనిగించి ఈ శాంతికథను తెలుగువారికి అందించాడు.

అటుపై భక్తియుగం నామానికి తలుపులు బార్లా తెరిచింది. 1408లో జన్మించి 1503లో పరమపదించిన తాళ్ళపాక అన్నమాచార్యులు పదహారవ ఏట మొదలుకొని జీవితాంతం స్వామికి దినానికి ఒక సంకీర్తనకు తక్కువ కాకుండా సమర్పించారని సంప్రదాయం. మహాకవి అన్న కీర్తిని ఒక ప్రక్కన ఉంచి చూడండి. ఎనభై సంవత్సరాలు తప్పని ఒక అలవాటు కనిపిస్తుంది. పతంజలి చెప్పిన దీర్ఘకాలం, నిరంతరం, ఆదరం అనే మూడు నియమాలకు ఇంతకంటే ఉదాహరణ ఏమి కావాలి?

ఇక మన ఇళ్ళలో స్త్రీలు గ్రంథం చూడకుండానే ఆచరించినవి ఎన్నో. తెల్లవారకముందే వాకిట కళ్ళాపి చల్లి, చుక్కలు తప్పకుండా ముగ్గు వేయడం, తులసికోట చుట్టూ ప్రదక్షిణం, దీపాలవేళ దీపం పెట్టి ఒక నిమిషం చేతులు జోడించి నిలబడడం. మా అమ్మగారు ముగ్గు వేసేటప్పుడు ఎవరితోనూ మాట్లాడేవారు కారు. అది ఆమె సంధ్య అని నాకు ఇన్నేళ్ళకు అర్థమయింది.

నూతనయుగం: ప్రయోగశాలలో ప్రాణం

పదునైదవ శతాబ్దపు హఠయోగప్రదీపికలో స్వాత్మారాముడు వాయువు చలిస్తే చిత్తం చలిస్తుందని, అది నిశ్చలమైతే చిత్తమూ నిశ్చలమవుతుందని నిర్ధారించాడు. వెంటనే ఒక హెచ్చరిక కూడా చేశాడు. సింహాన్ని, ఏనుగును, పులిని మెల్లమెల్లగా మచ్చిక చేసినట్లే వాయువును వశపరచుకోవాలి, తొందరపడితే అది సాధకుణ్ణే దెబ్బతీస్తుంది. ఇప్పుడు తెరమీద చూసి తీవ్రమైన భస్త్రికాదులను ఆరంభించేవారు ఈ హెచ్చరికను పదిమార్లు చదువుకోవాలి.

1924లో స్వామి కువలయానంద లోణావ్లాలో కైవల్యధామాన్ని స్థాపించి, యోగక్రియలను ప్రయోగశాలలో పరీక్షింపజేశారు. 1975లో హెర్బర్ట్ బెన్సన్ అనే అమెరికా వైద్యుడు, ఒక మాటను మరల మరల జపిస్తూ, నడుమ వచ్చే ఆలోచనలను పట్టించుకోకుండా కూర్చుంటే దేహం విశ్రాంతస్థితికి చేరుతుందని ఒక గ్రంథంలో వివరించాడు. 2001లో ఇటలీ దేశస్థుడైన లూచియానో బెర్నార్డి, అతని సహచరులు 23 మందిని పరీక్షించి, క్రైస్తవుల జపమాలాప్రార్థనగాని, ఒక మంత్రంగాని పఠిస్తున్నప్పుడు శ్వాస నిమిషానికి సుమారు ఆరుమార్లకు నెమ్మదిస్తుందని, హృదయలయకు అది మేలు చేస్తుందని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. 2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగదినంగా ప్రకటించింది.

ఇవి చూసి కొందరు మనవారు గర్వపడతారు. మరికొందరు మంత్రాన్ని మాత్రగా మార్చారని బాధపడతారు. నేను రెండవ పక్షంవాడినే. కాని మా సూత్రకారుడే నన్ను సరిదిద్దాడు.

మామిడిచెట్టు నీడ

ఆపస్తంబమహర్షి ధర్మసూత్రంలో ఒక దృష్టాంతం ఉంది. ఫలం కోసం మామిడిచెట్టు నాటుతాం. నీడ, పరిమళం దానితో బాటు వస్తాయి. అలాగే ధర్మాన్ని ఆచరిస్తే ప్రయోజనాలు వెంట వస్తాయి. ఒకవేళ అవి రాకపోయినా ధర్మానికి హాని లేదు అని ఆయన నిర్ణయం.

నా ప్రశ్నకు సమాధానం ఇందులో దొరికింది. సంధ్య ఫలం ఈశ్వరార్పణబుద్ధి, చిత్తశుద్ధి. శాంతి దాని నీడ. నీడ కోసం వచ్చినవానిని చెట్టు తరిమివేయదు. ఎండలో వచ్చిన బాటసారి ముందు నీడలోనే కూర్చుంటాడు, తరువాతనే పండు వైపు తలయెత్తి చూస్తాడు. కనుక శాంతి కోసం సంధ్యకు వచ్చేవాణ్ణి చిన్నచూపు చూడకూడదు. అలాగని చెట్టు నాటిన మరునాడే నీడ లేదని కోపగించనూ కూడదు. నేను చేసిన తప్పు మరొకటి. నలభై ఏళ్ళుగా చెట్టు క్రిందనే ఉంటూ, కూర్చోవడానికి తీరిక లేదని నిలబడే ఉన్నాను.

చరకసంహిత చికిత్సను దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం అని మూడు విధాలుగా చెప్పింది. మంత్రం, ఔషధం, మనోనిగ్రహం మూడింటికీ చోటు ఇచ్చింది. ఒకటి ఉంటే మరొకటి అక్కరలేదని అనలేదు. కనుక దుఃఖం దీర్ఘంగా వేధిస్తున్నవారు, ప్రాణంమీదికి ఆలోచనలు పోతున్నవారు మనోవైద్యుని దర్శించడం ధర్మవిరుద్ధం కాదు, శాస్త్రసమ్మతం. "మంత్రం చెయ్యి, అన్నీ సర్దుకుంటాయి" అన్న నా మాట సగం సత్యమే.

మరునాడు ఉదయమే ఆ యువకుని ఇంటికి కబురు పంపి పిలిపించాను. ముందు నా సంగతి చెప్పాను. పంతులుకు కూడా నిద్ర పట్టదని విని అతడు ఆశ్చర్యపోయాడు, కొంత తేలికపడ్డాడు కూడా. తరువాత చెప్పినవి అయిదు. లేవగానే ఫోను ముట్టకుండా చల్లని నీటితో ముఖం కడిగి తూర్పుముఖంగా కూర్చో. మూడే ప్రాణాయామాలు చెయ్యి, కాని మంత్రం కొలత తప్పకుండా. ఊపిరి ఎంతసేపు సుఖంగా నిలుస్తుందో అంతే నిలుపు, బలవంతం వద్దు. పదిమార్లయినా సరే గాయత్రిని అక్షరం అక్షరం వినబడేటట్లు లోలోపల జపించు. రాత్రి పడుకొనేముందు అరికాళ్ళకు నువ్వులనూనె రాసుకొని, ఈ పగలు ఎలా గడిచిందని ఒకసారి అడుగు, తప్పు ఉంటే ఒప్పుకొని దింపివెయ్యి. ఇవి చేస్తూ కూడా నెలలోగా నిద్ర కుదుటపడకపోతే డాక్టరువద్దకు మళ్ళీ వెళ్ళు, సిగ్గుపడకు.

అదే రోజు నుండి నేను కూడా అవే పాటించసాగాను. వేళ మించిపోతుందన్న భయానికి పావుగంట ముందుగా లేవడం మినహా వేరే మందు లేదని తెలిసింది. ఒక ఉదయం మంత్రాచమనం చేస్తుండగా మా తండ్రిగారు పక్కన కూర్చుండబెట్టి స్వరం దిద్దిన రోజులు గుర్తుకు వచ్చి, ఆపుకోలేనంతగా కన్నీరు వచ్చింది. ఆపలేదు. అప్పు ఇంకా తీరలేదు. నిద్ర మాత్రం చాలా రాత్రులు వస్తోంది.

సంక్రాంతికి ఆ యువకుడు మళ్ళీ ఆలయానికి వచ్చాడు. "ఎలా ఉంది నాయనా?" అన్నాను. "ఉద్యోగంలో ఏమీ మారలేదండి. పొద్దున్నే కూర్చున్న ఆ పది నిమిషాలు మాత్రం నావి" అన్నాడు. ఆ మాట నాకు తృప్తినిచ్చింది. దారం చివర పక్షికి తన కొమ్మ తెలిసింది. ఎగరడం ఎగురుతూనే ఉంటుంది, తిరిగి వాలడం తెలిస్తే చాలు.

వైదిక పాఠం చివర శాంతిని మూడుమార్లు పలుకుతాం. ఆధ్యాత్మిక, ఆధిభౌతిక, ఆధిదైవిక తాపాలు మూడింటికీ ఉపశమనం కోరడం దాని అర్థమని పెద్దలు చెబుతారు. ఆధిదైవికం మన చేతిలో లేదు. ఆధిభౌతికం కొంత ఉంది, కొంత లేదు. ఆధ్యాత్మికం, అనగా మన దేహంలో, మన మనసులో పుట్టే తాపం, దానిని చల్లార్చుకొనే నీరు, ఊపిరి, అక్షరం మాత్రం మన పెద్దలు మన చేతిలోనే పెట్టి వెళ్ళారు. రేపు ప్రాతఃసంధ్యవేళ ఒక్క ప్రాణాయామాన్ని తొందరపడకుండా చేయండి. సంధ్య లేనివారు దీపం ముందు కూర్చుని ఇష్టదైవనామాన్ని తీరుబాటుగా పదిమార్లు తలచుకోండి.

పరమేశ్వరానుగ్రహం అందరికీ కలుగుగాక. శుభం భూయాత్.